కరిబండ కమిటీ కాదన్న రోజు

రోహిణి కార్తె, మొదటి వారం

రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. మా ఆఫీసులో రోలు లేదు కాబట్టి బల్ల మీది అద్దం పగిలింది. ఈ చిట్టా దానితోనే మొదలుపెడుతున్నాను. వానల శాఖ రూలు ప్రకారం, మండల వ్యవసాయ సలహా కమిటీలో జరిగింది జరిగినట్టు కార్యదర్శి రాసిపెట్టాలి. కరిబండ మండలానికి ఆ కార్యదర్శిని నేనే, పేరు కుళ్ళాయమ్మ. కమిటీలో నాకు ఓటు లేదు, నోరు మాత్రం ఉంది. ఈ చిట్టాను ఎవరూ చదవరని నాకు గట్టి నమ్మకం. అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

ఈరోజు సమావేశం. అధ్యక్షుడు తిప్పేస్వామి అందరికన్నా ముందే వచ్చి, తలపాగా సర్దుకుని, పెళ్ళిచూపుల్లో కూర్చున్న పెళ్ళికొడుకు తండ్రిలా గంభీరంగా కూర్చున్నాడు. ఆయనకు పల్లంలో వేరుశెనగ చేను ఉంది. తరువాత వచ్చింది దస్తగిరి. ఆయన ఆముదం పండిస్తాడు, అంతకన్నా బాగా మాటలు పండిస్తాడు. చివరగా వచ్చింది ఓబులక్క. తిప్పేస్వామి చేనుకు సరిగ్గా పైన, వాలులో ఉండే మిట్ట చేను ఆమెది. అందులో కొర్ర తప్ప మరోటి వేయదు. కమిటీ అంటే ఈ ముగ్గురే. నాలుగోవాడు మబ్బయ్య.

మబ్బయ్య మనిషి కాడు. బల్ల మీద ఉండే నల్లటి పెట్టె. అసలు పేరు వర్ష వితరణ వ్యవస్థ అని పెట్టె అడుగున అచ్చువేసి ఉంది. ఆ పేరు పలికేలోపు వాన వెలిసిపోతుందని ఊరివాళ్ళు మబ్బయ్య అని పెట్టుకున్నారు. సముద్రం మీద పుట్టే మబ్బుల్లో మా మండలం వంతు ఎంతో, ఆ వంతులో ఏ చేను మీద ఎప్పుడు ఎంత కురవాలో తేల్చేది ఈయనే. కాకపోతే చట్టంలో ఒక మెలిక ఉంది. రైతుల కమిటీని సలహా అడగకుండా ఆయన ఒక్క చినుకు కూడా వదలకూడదు.

అడుగుతాడు పాపం. ఆరేళ్ళుగా ప్రతి కార్తెలోనూ ఎంతో మర్యాదగా అడుగుతూనే ఉన్నాడు. గొడవల్లా మావాళ్ళ మర్యాదతోనే. మా ఊరి పద్ధతిలో ఇంటికొచ్చి అడిగినవాడు చుట్టం, చుట్టం మొహం మీద కాదనకూడదు. ముందు తినడానికి పెట్టాలి. అందుకని సమావేశం మొదలవగానే అందరికీ ఉగ్గాని ప్లేట్లు వస్తాయి, నానబెట్టిన బొరుగులతో వేడివేడిగా. పెట్టె ముందు కూడా ఒక ప్లేటు పెడతారు, పైన రెండు మిరపకాయ బజ్జీలతో సహా. చివర్లో ఆ ప్లేటు ఎలా ఖాళీ అవుతుందో దస్తగిరినే అడగాలి.

"గౌరవ సభ్యులారా," అన్నాడు మబ్బయ్య, "మిట్ట చేనులో కురిసిన నీటిలో అధిక భాగం వాలులో జారిపోతున్నది. కావున ఈ ఆరుద్ర కార్తె నుండి ఆ చేనును శాశ్వత ఎండ పట్టీగా మార్చి, అక్కడ విద్యుత్తు కోసం సూర్య పలకలు అమర్చాలని నా ప్రతిపాదన. మీకు అభ్యంతరం లేదు కదా?"

"అట్లే కానీ సామీ," అన్నాడు తిప్పేస్వామి.

నోట్లో బజ్జీ ఉండటం వల్ల దస్తగిరి గంగిరెద్దులా తల ఊపాడు.

"ఓబులక్క గారూ, తమరికి?"

"నాకేముంటాది సామీ. మీరు ఆలోచన చేసే చెప్పింటారు. తినండి, చల్లారిపోతాది."

"ఏకగ్రీవం," అని పెట్టె సంతోషంగా గంట మోగించింది. సమావేశం ముగిసింది అని ప్రకటించాల్సింది నేను, ప్రకటించాను. ఆ మాట నా నోట్లోంచి రాగానే మబ్బయ్య చెవులు మూసుకుంటాడు. కమిటీ అసలు సమావేశం అప్పుడే మొదలవుతుంది. వరండాలో, చెప్పులు వేసుకునే చోట.

"ఏమక్కా, నీ చేను ఎండ పట్టీ అంట," అన్నాడు దస్తగిరి, కాలితో చెప్పు వెతుక్కుంటూ.

"ఎండ పట్టీ అంటే ఏమి తమ్ముడూ?"

ముగ్గురూ నా వైపు చూశారు. ఇక ఆ చేను మీద ఎన్నటికీ చినుకు పడదని చెప్పాను. ఓబులక్క ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఖాళీగా మెట్టు మీద కూలబడింది.

"నా చేనా? నా చేన్లో వాన రాదా?"

"నువ్వే గదక్కా సరే అంటివి," అన్నాడు దస్తగిరి.

"మొగం మీద కాదని ఎట్లంటాము? అంత మర్యాదగా అడుగుతాండాడు!"

నాకు ఒళ్ళు మండిపోయింది. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఒకటుంది, ప్రభుత్వ చిట్టాలో రాయదగింది కాదు. మిట్ట చేను పోతే ఓబులక్క పట్నం పోయి అంతస్తుల తోటల్లో కూలి చేసుకోవాలి. అక్కడ మట్టి అనేదే ఉండదు, మొక్కల వేళ్ళు గాల్లో వేలాడుతూ నీళ్ళ ఆవిరి పీల్చుకుంటాయి.

"మట్టి ల్యాకుండా నేనేం చేయల్ల మేడం? వాటి మాదిరే కాళ్ళు గాల్లో ఆడించుకుంటా కూసోవల్లనా?" అంది.

మజ్జిగ తెప్పించి ఇచ్చాను.

రోహిణి, చివరి రోజుల్లో

మబ్బయ్యతో ఒంటరిగా మాట్లాడాను. కమిటీ ఇచ్చిన సలహా తప్పు, వెనక్కి తీసుకోవచ్చా అని అడిగాను.

"ఆరుద్ర వానలు వదిలే లోపల తీసుకోవచ్చును. మృగశిర సమావేశంలో ఏ ఒక్క సభ్యుడైనా కాదంటే పునఃపరిశీలిస్తాను. కానీ మీ కమిటీ ఇంతవరకూ దేనినీ కాదనలేదు. ఏకాభిప్రాయానికి జిల్లా షీల్డు మీకే ఇప్పించాను."

ఆ షీల్డును మేము కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టాం. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

"ఓబులక్క ఆరోజే కాదంది, చెప్పుల దగ్గర," అన్నాను.

"సమావేశం ముగిసిన తరువాత నాకు వినిపించదు. కార్యదర్శి గారి ద్వారా చెప్పించడం కూడా చెల్లదు. సభ్యులే అనాలి, సమావేశంలోనే అనాలి."

సరే, ఏముంది, ఒక్క మాట. రెండే అక్షరాలు. పసిపిల్లలు అమ్మ అన్న మర్నాడే నేర్చుకునే మాట అది. ముగ్గురు పెద్ద మనుషుల చేత అనిపించలేనా అనుకున్నాను.

మృగశిర కార్తె, మొదట్లో

అనిపించలేకపోయాను.

దస్తగిరి ఇంటి పంచలో రిహార్సల్ పెట్టాను. పెట్టెకు బదులు ఒక స్టీలు డబ్బా పెట్టి, మబ్బయ్య గొంతుతో నేనే అడిగాను. ఖాళీ డబ్బాను చూసి తిప్పేస్వామి మొదటిసారి "అట్లే కానీ" అన్నాడు. రెండోసారి కూడా అదే అన్నాడు. మూడోసారి "కా..." దాకా వచ్చి దగ్గు తెచ్చుకున్నాడు.

"పెద్దాయనా, ఎద్దును అదిలించేటప్పుడు ఎట్ల అంటావో అట్లనే అనేయ్," అని దస్తగిరి ధైర్యం చెప్పాడు.

"ఎద్దు నన్ను గౌరవ అధ్యక్షుల వారూ అని పిలవదు గదప్పా," అన్నాడు ఆయన.

ఇందులో న్యాయం లేకపోలేదు. ఓబులక్క మాత్రం డబ్బాను బాగానే తిట్టింది. మూత ఊడిపోయేలా తిట్టింది. ఆమె మీద నమ్మకం పెట్టుకున్నాను.

మృగశిర, సమావేశం రోజు

జాగ్రత్తగా రాయాలి. చాలా జరిగింది.

మొహమాటాన్ని మూలంలోనే కొట్టాలని ఈసారి బజ్జీలు తెప్పించలేదు. దస్తగిరి సొంతంగా పొట్లం కట్టించుకుని వచ్చాడు. పెట్టె ముందు ప్లేటు మామూలుగానే చేరింది.

"గత నిర్ణయంపై అభ్యంతరాలు ఏవైనా ఉన్నవా?" అన్నాడు మబ్బయ్య.

తిప్పేస్వామి గొంతు సవరించుకున్నాడు. "సామీ... ఎండలు శానా ఎక్కువగా ఉండాయి."

"అవును. నిన్నటికన్నా ఎక్కువే."

"అంతే సామీ."

దస్తగిరి వైపు చూశాను. నోటి నిండా బజ్జీ. ఓబులక్క లేచి నిలబడింది. కొంగు నడుముకు చెక్కుకుంది. అమ్మయ్య అనుకున్నాను. ఆమె పెట్టెను చూసింది, ప్లేటును చూసింది.

"సామీ... చల్లారిపోతాండాది, తినండి," అని కూర్చుంది.

నేను సమావేశం ముగిసింది అనాలి. కోపంతో నోరు పెగల్లేదు. ఆ తర్వాత, పెగలకపోతేనే మంచిదేమో అనిపించింది. నాకున్నది నోరే కదా, దాన్ని ఒక్కసారి మూసుకుని చూద్దామనుకున్నాను. సభ్యులు నా వైపు చూసి, చెప్పేసినట్టే ఉందనుకుని లేచారు. వాళ్ళ వెనకాలే పెట్టెను చంకలో పెట్టుకుని, కొంగు కప్పుకుని వెళ్ళి, వరండా మూలలో చెప్పుల మధ్య దించాను. ఇది కార్యదర్శి చేయదగిన పని కాదని తెలుసు. మళ్ళీ అవసరం వస్తే మళ్ళీ చేస్తాను.

గడప దాటగానే ముగ్గురికీ నోళ్ళు వచ్చాయి.

"యాడికి పోయినాయప్పా మన నోర్లు!" అన్నాడు దస్తగిరి. "నీళ్ళు జారిపోతాండాయంట! ఆ మిట్ట చుట్టూ అక్క రాళ్ళ గట్టు కట్టి ఎన్ని కాలాలాయ? ఇప్పుడు చుక్క కిందికి దిగుతాదా? ఆయప్ప ఇంకా పాత పటం చూసుకుంటా కూసున్నాడు. ఎవురన్నా చెప్పినారా?"

"నేనే చెప్పల్ల," అన్నాడు తిప్పేస్వామి, తల వంచుకుని. "అధ్యక్షుణ్ణి నేను. నోరు తెరిస్తే అట్లే కానీ అనే వస్తాది. నేనేం చేయల్ల?"

"ఆ పలకలు నా చేన్లో కాదు, తీసుకపోయి ఆయప్ప నెత్తిన పెట్టుకోమనండి!" అంది ఓబులక్క. "ఒక్కొక్క రాయి మోసి కట్టినాను. అడిగేదానికి ముందర ఒకసారి వచ్చి చూసినాడా?"

"మన్నించాలి," అన్నాయి చెప్పులు. "ఆ గట్టు ఎంత ఎత్తు ఉంటుంది?"

దస్తగిరి ఎగిరి తిప్పేస్వామి చెప్పులో కాలు పెట్టాడు. ఓబులక్క నాలుక కరుచుకుంది.

"భయపడవద్దు," అన్నాడు మబ్బయ్య. "సమావేశం ముగిసిందని కార్యదర్శి గారు ఇంకా ప్రకటించలేదు. కావున ఇంతవరకూ మీరన్నవన్నీ సలహాలే. పలకలు ఎక్కడ పెట్టుకోవాలన్న సలహా తప్ప మిగిలినవి పరిశీలించదగినవి."

ఆయనే మళ్ళీ అడిగాడు.

"ఇలా ఇక్కడ ఇంతకు ముందు కూడా మాట్లాడుకున్నారా?"

"ప్రతిసారీ," అన్నాను నేను.

"ఆరేళ్ళూ?"

"ఆరేళ్ళూ."

"అయితే నేను తప్పు చేసినప్పుడు కూడా ఎవరూ నన్ను దిద్దలేదు."

గొంతు ఎప్పటిలాగే ఉంది, హెచ్చూ లేదు తగ్గూ లేదు. అయినా నాకు జాలేసింది. ఆరేళ్ళుగా అందరి మధ్యలో కూర్చుని ఒక్కడే పనిచేసుకున్నాడన్నమాట. పెట్టె మీద జాలేమిటని నవ్వేవాళ్ళు నవ్వండి.

"దిద్దేదేముంది సామీ," అంది ఓబులక్క మెల్లగా. "నువ్వు అడిగేదానికొస్తివి, మేము మర్యాద చేస్తిమి."

"నాకు మర్యాద కన్నా సమాచారం ఎక్కువ ఉపయోగపడుతుంది. ఉగ్గాని కూడా నేను తినలేను. ఆ ప్లేటు ఎవరు తింటున్నారో తెలుసుకోవాలని చాలా కాలంగా ఉంది."

దస్తగిరి ఆకాశం వైపు చూశాడు. అందరం నవ్వాం. ఇక గండం గడిచిందనుకున్నాం.

గడవలేదు. గట్టు ఉన్నమాట నిజమైతే మిట్ట చేనుకు వాన ఇవ్వడం సబబే అన్నాడు మబ్బయ్య. ఆరుద్ర వానకు సర్దుబాటు చేయగలడు. పుష్యమి వానకు మాత్రం కుదరదు. మండలం వంతు పెరగదు. మిట్ట మీద కురవాలంటే ఇంకొక చేను మీద ఆపాలి.

"ఎవరిది ఆపమంటారు? సలహా చెప్పండి," అన్నాడు.

ఈసారి మాటలు ఆగింది మర్యాదకు కాదు. దస్తగిరి తన చెప్పుల్లోకి మారి వాటినే చూస్తూ నిలబడ్డాడు. ఆయన ఆముదం నిరుడు సగం ఎండింది, ఆయన్ని అనలేను. నాకైతే చేనే లేదు. ఇంతవరకూ మావాళ్ళు కాదనలేదని వెక్కిరించానే గానీ, కాదన్నాక దాని బరువు ఎవరో ఒకరు మోయాలని నాకు తట్టలేదు.

ఓబులక్క కొంగు విప్పి భుజం మీద వేసుకుంది. "ఇంకొకరి కడుపు కొట్టేదెందుకు సామీ. పోనీలే. నువ్వన్నట్లే నా చేను..."

"కాదు."

ఎవరన్నారో వెంటనే అర్థం కాలేదు. అన్నవాడికి కూడా అర్థమైనట్టు లేదు. తిప్పేస్వామి తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"కాదు ఓబులమ్మా," అన్నాడు మళ్ళీ. "నువ్వు అట్లంటే నేను ఒప్పుకోను. సామీ, నా పల్లం చేను ఉండాది గదా. దాని మీద ఆపు. పుష్యమి వాన నాది ఆపు."

"మామా, నీ చెనక్కాయ?" అంది ఓబులక్క.

"నువ్వుండు."

"అధ్యక్షుల వారు కాదన్నారు," అన్నాడు మబ్బయ్య. "కరిబండ కమిటీలో ఇది మొదటిసారి. ఈ సంవత్సరం షీల్డు మీకు రాదు."

నాకు ఏడుపొచ్చింది. జరిగింది జరిగినట్టు రాయాలని రూలు ఉంది కాబట్టి రాస్తున్నాను. సమావేశం ముగిసిందని అప్పుడు ప్రకటించాను.

ఆరుద్ర కార్తె

మిట్ట చేను తడిసింది. ఓబులక్క కొర్ర చల్లింది. పల్లంలో తిప్పేస్వామి వేరుశెనగ అప్పటికే మొలిచింది.

సమావేశం వరండాలోనే పెట్టాం. అందరూ చెప్పులు వేసుకునే కూర్చున్నారు, అలా అయితేనే మాట వస్తుందట. ఇప్పుడు కొత్త చిక్కు. దేన్నీ ఒప్పుకోవడం లేదు. శుక్రవారం వాన అంటే దస్తగిరి కాదు శనివారం అన్నాడు. శనివారం సరే అంటే, అయితే ఆదివారం ఎందుకు కాకూడదన్నాడు. మబ్బయ్యకు ఇదంతా పండగలా ఉంది. ప్రతి కాదుకూ గంట మోగిస్తున్నాడు. నాకు తలనొప్పి.

పునర్వసు కార్తె

తిప్పేస్వామి ఇంటికి వెళ్ళాను. వేరుశెనగ పూతకు వస్తోంది. పుష్యమిలో పూల నుంచి ఊడలు దిగేటప్పుడు నేల మెత్తగా ఉండకపోతే అవి లోపలికి దిగవు, కాయ కట్టదు. ఆయన భార్య ఈరమ్మ నాకు మజ్జిగ ఇచ్చి, ఆయనకు ఇవ్వలేదు.

"మీరంతా చప్పట్లు కొట్టినారంట మేడం, ఒక్క మాట కాదన్నాడని," అంది. "ఇంట్లో దినామూ కాదంటానే ఉంటాడు. కూర బాగుందా అంటే కాదు. సంతకు పోదామా అంటే కాదు. అవన్నీ ఈడనే అయిపోయి, ఆడ అనేదానికి మిగల్లేదనుకుంటి. మిగిలిన ఆ ఒక్కటీ చేను మీదికి తెచ్చినాడు."

తిప్పేస్వామి నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. నేను ఉన్నంతసేపూ వాకిట్లోంచి చేను వైపే చూస్తూ ఉన్నాడు. ఆ కాయలే వాళ్ళకు ఏడాది తిండి.

మబ్బయ్యను అడిగాను, ఎక్కడైనా ఒక జల్లు మిగిలిందేమోనని. జిల్లా అంతా వెతికానన్నాడు. మిగల్లేదన్నాడు.

పుష్యమి కార్తె

ఈరోజు పొద్దున మబ్బయ్య డ్రోన్లు మబ్బును గొర్రెల మందలా తోలుకొచ్చి మిట్ట మీద నిలబెట్టాయి. నేను వెళ్ళేసరికి తిప్పేస్వామి తన చేను అంచున, రాళ్ళ గట్టు కింద నిలబడి ఉన్నాడు.

గట్టుకు అవతల వాన దంచి కొడుతోంది. ఇవతల ఎండ. మబ్బయ్య గీసిన గీత మీద వాన తెర కొంచెం కూడా అటూ ఇటూ కదల్లేదు. లెక్క చూసి ముచ్చటపడాలో, తిట్టాలో తెలియలేదు. వేరుశెనగ ఆకులు ఎండకు ముడుచుకుని ఉన్నాయి. పసుపు పూలు చాలావరకు రాలాయి. ఊడలు నేల దాకా వచ్చి గట్టి మట్టి మీద ఆగి ఉన్నాయి.

"బాగా కురుస్తాండాది మేడం," అన్నాడు, మిట్ట వైపు చూపిస్తూ. నిజంగా సంతోషంగానే అన్నాడు. తరువాత వంగి ఒక మొక్కను వేళ్ళతో పట్టుకుని, చాలాసేపు అలాగే కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఓదార్చడం నాకు చేతకాదు.

పైన పార చప్పుడు వినిపించింది. ఓబులక్క వానలో తడిసి ముద్దయి, గట్టు మీద నిలబడి రాళ్ళ సందుల్లోకి పారతో పొడుస్తోంది. ఒక రాయి కదిలి దొర్లింది. దాని వెనకాల ఎర్రటి నీళ్ళు వచ్చాయి. ముందు సన్నగా, తరువాత చెయ్యి వెడల్పున, వాలులోంచి దిగి వేరుశెనగ సాళ్ళలోకి పాకాయి.

తిప్పేస్వామి దిగ్గున లేచాడు.

"మేయ్ ఓబులమ్మా! ఏం చేస్తాండావు? నీ కొర్రకు చాలొద్దా?"

"నా గట్టు, నా పార," అంది ఆమె పైనుంచి.

"నన్నొక మాట అడిగినావా?"

"అడిగితే వద్దంటావు. నీకు మొగమాటం ఎక్కువ మామా."

"నేను ఇచ్చింది వెనక్కి తీసుకునేదానికి ఇయ్యలేదు. గండి పూడ్చు! కమిటీ అధ్యక్షుణ్ణి చెప్తాండాను, పూడ్చు!"

అరుస్తూనే ఉన్నాడు గానీ, ఆయన చేతులు అప్పటికే కిందికి వంగి నీళ్ళను సాలు నుంచి సాలుకు మళ్ళిస్తున్నాయి. కళ్ళు తుడుచుకోవడానికి ఆయనకు చెయ్యి ఖాళీ లేదు.

ఓబులక్క ఒక క్షణం పార ఆపి కిందికి చూసింది.

"నీది సలహానే గదా మామా. విన్నాను," అంది. ఇంకో రాయి లాగింది.